ఆడ్సల్: లీజు అమ్ముకున్నాక క్లబ్‌కు ఏం మిగిలింది? బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ కేస్ స్టడీ

2012 జనవరిలో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ అనే రగ్బీ లీగ్ క్లబ్ తన స్టేడియం ఆడ్సల్ లీజును ఆటను నడిపే సంస్థకే, అంటే రగ్బీ ఫుట్‌బాల్ లీగ్‌కే (ఆర్‌ఎఫ్‌ఎల్) అమ్మేసింది. అప్పట్లో వార్తల్లో వచ్చిన ధర 12.5 లక్షల పౌండ్లు. మార్చి చివర్లో అదే క్లబ్ అభిమానుల ముందు చేయి చాచింది. మొత్తం 10 లక్షల పౌండ్లు కావాలి, అందులో సగం వెంటనే కావాలి అని. జూన్ 26న అడ్మినిస్ట్రేషన్‌లోకి (అప్పులవాళ్ళ నుంచి చట్టం రక్షణతో, అడ్మినిస్ట్రేటర్ చేతికి కంపెనీ వెళ్ళే దివాలా ప్రక్రియలోకి) వెళ్ళింది. లీజు అమ్మిన ఆరు నెలలకే.

ఈ కేసును ఎక్కువమంది "ఆటగాళ్ళకు ఎక్కువ జీతాలిచ్చి మునిగిపోయిన క్లబ్" అని ముగించేస్తారు. జీతాల భారం ఉన్న మాట నిజమే. కానీ అలా మునిగిన క్లబ్‌లు కోలుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. బుల్స్ మాత్రం 2014లో రెండోసారి, 2016లో మూడోసారి అడ్మినిస్ట్రేషన్‌లో పడింది. 2017 జనవరి 3న కంపెనీయే లిక్విడేట్ అయింది, అంటే ఉన్నవి అమ్మి మూసేసే దశకు చేరింది. ఒకే గుంటలో మళ్ళీ మళ్ళీ ఎందుకు పడిందో తెలియాలంటే లాభనష్టాల పట్టిక కన్నా ముందు లీజు కాగితం చదవాలి.

చెత్త మీద కట్టిన మైదానం

రగ్బీ లీగ్ అంటే 13 మంది ఆడే రగ్బీ. ఉత్తర ఇంగ్లండ్ మిల్లు ఊళ్ళ ఆట. బ్రాడ్‌ఫర్డ్ క్లబ్ (1996 దాకా పేరు బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్) 1934లో ఆడ్సల్‌కు వచ్చింది. అది పాత క్వారీ గుంట. నగరపాలక సంస్థ పారిశుద్ధ్య విభాగం ఇళ్ళ నుంచి వచ్చే బూడిద, చెత్త తెచ్చి పోసి, చుట్టూ గట్లు లేపి, ప్రేక్షకులు నిలబడే మెట్లుగా మలిచింది. 1954 మే 5న చాలెంజ్ కప్ ఫైనల్ రీప్లేకు (హాలిఫాక్స్, వారింగ్టన్ మధ్య) అధికారిక లెక్క ప్రకారమే 1,02,569 మంది వచ్చారు.

ఆ అంకె క్లబ్‌కు గర్వకారణం, ఆస్తి లెక్క వేసేవాడికి ప్రమాద సూచన. బూడిద, చెత్త పోసిన నేల దశాబ్దాల తరబడి కుంగుతూనే ఉంటుంది, అన్నిచోట్లా సమానంగా కుంగదు. మెట్ల మీద పరిచిన కాంక్రీటు పలకలు ఒక్కోచోట ఒక్కో ఎత్తుకు వస్తాయి, అడ్డుగా పాతిన ఇనుప బారియర్ల పునాదులు వదులవుతాయి. మైదానం గిన్నె అడుగులా ఉంది కాబట్టి గట్ల మీద పడ్డ వాన నీరంతా పిచ్ వైపే దిగుతుంది. డ్రెయిన్లు పూడితే ముందు ఆగేది ఆట. ఇలాంటి స్థలానికి "మొత్తం మరమ్మతు, బీమా అద్దెదారుడిదే" అనే షరతుతో లీజు తీసుకోవడమంటే, ఎంత లోతుందో తెలియని ఖర్చుకు సంతకం పెట్టడమే. ఇంగ్లండ్ వాణిజ్య లీజుల్లో ఈ షరతు మామూలే. చెత్త మీద కట్టిన స్టేడియానికి మాత్రం అది మామూలు షరతు కాదు.

ఆడ్సల్‌ను బాగు చేస్తామన్న పథకాలకు కొదవ లేదు. 1990లలో సూపర్‌డోమ్ అన్నారు, 2000లలో స్పోర్టింగ్ విలేజ్ అన్నారు. 2001, 2002 సీజన్లలో క్లబ్ ఊళ్ళోని ఫుట్‌బాల్ మైదానం వ్యాలీ పరేడ్‌కు వెళ్ళి ఆడి, 2003లో తిరిగొచ్చింది. 2023 జనవరిలో ప్రభుత్వ లెవెలింగ్ అప్ నిధుల జాబితాలోనూ ఆడ్సల్‌కు చోటు దక్కలేదు. క్లబ్ కొనాలని వచ్చేవాళ్ళ లెక్కల పట్టికలో "స్టేడియం అభివృద్ధి" కింద ఏదో ఒక అంకె తప్పకుండా ఉంటుంది. ఆ వరుసను సున్నా చేసి మళ్ళీ లెక్క వేయమనడం ఇలాంటి పనిలో మొదటి సలహా.

అమ్మింది ఏమిటి

భూమి యజమాని నగర కౌన్సిల్. క్లబ్ చేతిలో ఉన్నది దీర్ఘకాలపు లీజు. ఇంగ్లండ్‌లో అంత పొడవైన లీజు దాదాపు సొంత ఆస్తితో సమానం. ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదవుతుంది, బ్యాంకు దాని మీద తాకట్టు రాసుకుంటుంది, సబ్ లీజుకు ఇవ్వొచ్చు. మ్యాచ్ లేని రోజుల్లో పార్కింగ్, విందు హాళ్ళు, ఇతర ఆటలు, పేరు హక్కులు, అన్నీ లీజు ఎవరిదైతే వాళ్ళవే.

2012 జనవరి అమ్మకంతో ఈ హెడ్ లీజు (కౌన్సిల్ నుంచి నేరుగా వచ్చిన ప్రధాన లీజు) ఆర్‌ఎఫ్‌ఎల్‌కు పోయింది. క్లబ్ సబ్ లీజు మీద దాని కింద అద్దెదారు అయింది. ఆర్‌ఎఫ్‌ఎల్ చెప్పిన కారణం, చరిత్ర ఉన్న మైదానాన్ని కాపాడటం. క్లబ్‌కు ఆ క్షణాన కావలసింది నగదు. ఇద్దరి మాటా అబద్ధం కాదు. కానీ వచ్చిన సొమ్ము పోయింది రోజువారీ నష్టం పూడ్చడానికి. విత్తనాల వడ్లు దంచుకుని తిన్నట్టు అది ఒక సీజన్ ఆకలి తీర్చింది, మరుసటి సీజన్‌కు విత్తనం లేకుండా చేసింది.

తర్వాత జరిగేది పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ ఇచ్చేటప్పుడు చూసేది రెండు: తాకట్టు, రాబోయే నగదు. దీర్ఘకాలపు లీజు చేజారగానే మొదటిది పోతుంది. మార్చిలో బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ సదుపాయం ఆపేసిందని క్లబ్ ప్రకటించింది. ఆస్తి అమ్మి నగదు తెచ్చుకునే ఎవరైనా ఒప్పందానికి ముందే బ్యాంకుతో రాతపూర్వకంగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే: "ఈ అమ్మకం తర్వాత ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి ఎంత, ఎప్పటి దాకా?" జవాబు కాగితం మీద లేకపోతే, అమ్మకంలో వచ్చిన సొమ్ములోంచి ఓవర్‌డ్రాఫ్ట్ మొత్తాన్ని తీసేసి, మిగిలిందే చేతికొచ్చినట్టు లెక్క వేసుకోవాలి.

నగదు క్యాలెండర్

రగ్బీ లీగ్ క్లబ్ ఎక్కడ తెగుతుందో ఏడాది బడ్జెట్‌లో కనిపించదు. వారం వారం నగదు పట్టికలో కనిపిస్తుంది. సీజన్ టికెట్లు అక్టోబర్ నుంచి జనవరి దాకా అమ్ముతారు. ఆట ఫిబ్రవరిలో మొదలై సెప్టెంబర్ దాకా సాగుతుంది. జీతాలు పన్నెండు నెలలూ ఇవ్వాలి.

ఒక ఊహా క్లబ్ లెక్క తీసుకుందాం (బుల్స్ అంకెలు కావివి). 4,000 సీజన్ టికెట్లు, ఒక్కోటి 180 పౌండ్లు. మొత్తం 7,20,000 పౌండ్లు. ఇందులో 20 శాతం వ్యాట్ కలిసే ఉంది, అంటే ఆరో వంతు, 1,20,000 పౌండ్లు క్లబ్‌ది కాదు. నవంబర్, డిసెంబర్, జనవరి జీతాలు పన్నులతో కలిపి నెలకు 1,60,000 చొప్పున 4,80,000. స్టేడియం అద్దె, బీమా, జెర్సీల అడ్వాన్సు, శిక్షణ శిబిరం కలిపి 1,20,000 అనుకోండి. ఖాతాలో మిగిలేది 1,20,000. సరిగ్గా వ్యాట్ సొమ్మంత. త్రైమాసికం డిసెంబర్ 31తో ముగిస్తే ఆ కాలంలో వసూలైన టికెట్ల వ్యాట్ ఫిబ్రవరి 7కల్లా కట్టాలి. జనవరిలో ఆటగాళ్ళ జీతాల నుంచి పట్టుకున్న పన్ను ఫిబ్రవరి 22కల్లా కట్టాలి. తొలి సొంత మైదానం మ్యాచ్ గేటు డబ్బులు అప్పటికి వచ్చాయా లేదా అన్నది ఫిక్స్చర్ల జాబితా తేలుస్తుంది, ఫైనాన్స్ డైరెక్టర్ కాదు.

ఇక్కడే జారుడు మొదలవుతుంది. వ్యాట్ సొమ్మును జీతాలకు వాడేస్తారు. పన్నుల శాఖ (హెచ్‌ఎంఆర్‌సీ) వడ్డీ వేస్తుందే గానీ మరుసటి రోజే తలుపు కొట్టదు కాబట్టి, అది అడగకుండా దొరికిన అప్పులా మారుతుంది. క్రీడా క్లబ్‌ల దివాలా కేసుల్లో పెద్ద రుణదాతగా మళ్ళీ మళ్ళీ తేలేది ఆ శాఖే. 2020 డిసెంబర్ 1 నుంచి వ్యాట్, ఉద్యోగుల జీతాల్లో పట్టుకున్న పన్ను విషయంలో ఆ శాఖకు మామూలు రుణదాతల కన్నా ముందు వరుస దక్కింది. అంతకు ముందు కేసుల్లోని రికవరీ శాతాలు పట్టుకుని ఇవాళ్టి క్లబ్‌కు లెక్క వేస్తే తప్పుతుంది. టికెట్ ప్రింటరు, బస్సుల కంపెనీ, జెర్సీల సరఫరాదారు ఇప్పుడు ఇంకా వెనక్కి నెట్టబడ్డారు.

మందు పాతదే, చేదుగానే ఉంటుంది. సీజన్ టికెట్ల వ్యాట్ వచ్చిన రోజే వేరే ఖాతాలోకి మార్చాలి, ఆ ఖాతా మీద సంతకం క్లబ్ ఛైర్మన్ ఒక్కడిదే కాకూడదు.

వైండింగ్ అప్ పిటిషన్ వచ్చాక ఉండే రోజులు

750 పౌండ్లకు మించిన బాకీకి చట్టబద్ధ డిమాండు నోటీసు ఇచ్చి, 21 రోజుల్లో కట్టకపోతే రుణదాత కంపెనీని మూసేయమని కోర్టుకెళ్ళొచ్చు. క్లబ్‌ల్లో అందరూ విచారణ తేదీ వైపు చూస్తుంటారు. అసలు ప్రమాదం అంతకన్నా ముందుంది. పిటిషన్ కంపెనీకి అందిన ఏడు పనిదినాల తర్వాత, విచారణకు కనీసం ఏడు పనిదినాల ముందు, దాన్ని గెజెట్‌లో ప్రకటిస్తారు. గెజెట్‌లో పేరు కనిపించగానే బ్యాంకు ఖాతా స్తంభింపజేస్తుంది. కారణం ఇన్సాల్వెన్సీ చట్టం 1986లోని సెక్షన్ 127. కంపెనీని మూసేయమని కోర్టు ఆదేశిస్తే పిటిషన్ దాఖలైన నాటి నుంచి జరిగిన చెల్లింపులన్నీ చెల్లనివవుతాయి, ఆ భారం తన మీద పడుతుందని బ్యాంకు భయం.

ఖాతా స్తంభిస్తే శుక్రవారం రాత్రి మ్యాచ్‌కు స్టీవార్డులకు (ప్రేక్షకుల భద్రత చూసే సిబ్బందికి) డబ్బివ్వలేరు. స్టీవార్డులు రాకపోతే స్టేడియం గేట్లు తెరిచే అనుమతి ఉండదు. గేటు తెరవకపోతే ఆ వారం రాబడే లేదు. బాకీ కట్టడానికి దాచిన సొమ్ము ఖాతాలోనే ఉన్నా బయటకు రాదు. కోర్టు నుంచి వాలిడేషన్ ఆర్డర్ తెస్తే ఫలానా చెల్లింపులకు దారి దొరుకుతుంది. దానికి తాజా లెక్కలు, రుణదాతల జాబితా, ఈ చెల్లింపు వల్ల రుణదాతలకు నష్టం లేదన్న వివరణ రాతపూర్వక సాక్ష్యంతో ఇవ్వాలి. ఆ కాగితాలు పిటిషన్ వచ్చాక తయారు చేయడం మొదలుపెడితే ఏడు పనిదినాలు చాలవు.

2012 వసంతంలో అభిమానులు పోగుచేసిన విరాళాలు ఈ గండాన్ని కొన్ని వారాలు వెనక్కి నెట్టాయి, అంతే. విరాళం ఒకసారి వచ్చే సొమ్ము. దాన్ని నెలనెలా వచ్చే లోటు మీద పోస్తే అదెన్ని నెలలకు ఆవిరవుతుందో కాగితం మీద తేలిపోతుంది. అభిమానుల నిధి తీసుకునేటప్పుడు ఎస్క్రోలో (షరతు తీరేదాకా మూడో పక్షం దగ్గర ఉండే ఖాతాలో) పెట్టి, కొత్త లీజు గానీ కొత్త పెట్టుబడి గానీ ఖాయమైతేనే విడుదల, లేకపోతే వాపసు అని రాయడం న్యాయం. పింఛన్లలోంచి ఇచ్చినవాళ్ళూ ఉంటారు.

మూడు దివాలాలు, ప్రతిసారీ కొత్త కంపెనీ

అడ్మినిస్ట్రేషన్ వల్ల క్లబ్‌కు దొరికేది ఊపిరి తీసుకునే వ్యవధి. ఆ వ్యవధిలో స్టేడియం యజమాని తాళం వేయాలన్నా అడ్మినిస్ట్రేటర్ ఒప్పుకోవాలి, లేదా కోర్టు అనుమతించాలి. మన దివాలా చట్టం (ఐబీసీ 2016) తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. హైదరాబాద్, అమరావతి కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) బెంచీల్లో వాదించే సెక్షన్ 14(1)(డి) చేసేదీ ఇదే, మారటోరియం నడిచినంత కాలం యజమాని తన ఆస్తిని వెనక్కి తీసుకోలేడు. అద్దె సంగతి కూడా దగ్గరగానే ఉంటుంది. మన దగ్గర ఆ కాలపు అద్దె పరిష్కార ప్రక్రియ ఖర్చుల్లో చేరుతుంది. ఇంగ్లండ్‌లో 2014 నాటి అప్పీల్ కోర్టు తీర్పు తర్వాత అడ్మినిస్ట్రేటర్ స్థలాన్ని వాడినన్ని రోజులకు రోజు లెక్కన అద్దె ఖర్చుగా ముందు చెల్లించాలి. అంతకు ముందు మూడు నెలల అద్దె గడువు తేదీకి ఒక రోజు తర్వాత అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళి ఆ త్రైమాసికం అద్దె ఎగ్గొట్టే తెలివితేటలు నడిచేవి. ఇప్పుడు నడవవు.

ఊపిరి తీసుకున్నాక ఏం జరుగుతుంది? పాత కంపెనీ నుంచి క్లబ్ పేరు, ఆటగాళ్ళ ఒప్పందాలు, సామగ్రి కొత్త కంపెనీ కొంటుంది. ఉద్యోగులు ట్యూపీ (వ్యాపారం చేతులు మారినప్పుడు ఉద్యోగులను కాపాడే) నిబంధనల కింద తమ పాత హక్కులతో సహా కొత్త కంపెనీలోకి రావచ్చు. వీటిలో దేనితోనూ సబ్ లీజు తనంతట తాను రాదు. దాన్ని బదిలీ చేయాలంటే యజమాని సమ్మతి కావాలి. అది దొరికే దాకా కొనుగోలుదారు తాత్కాలిక లైసెన్సు మీద మైదానంలో ఉంటాడు. లిక్విడేషనే అయితే ఇంకా కష్టం. భారమైన ఒప్పందాన్ని వదిలేసే అధికారం సెక్షన్ 178 కింద లిక్విడేటర్‌కు ఉంది, కాబట్టి పాత సబ్ లీజు మిగులుతుందన్న భరోసా లేదు. కొత్తవాళ్ళు మొదటి నుంచి బేరం ఆడాలి.

ఆడ్సల్‌లో ఆ బేరం ఎవరితో? ఆర్‌ఎఫ్‌ఎల్‌తో. హెడ్ లీజు కొన్నాక క్లబ్‌కు యజమాని స్థానంలో ఉన్నది ఆర్‌ఎఫ్‌ఎల్. లీగ్‌లో చోటు ఇచ్చేది, పాయింట్లు కోసేది, టీవీ సొమ్ములో వాటా పంపేది కూడా ఆ గొడుగు కిందే. 2012లో 6 పాయింట్లు కోశారు. ఆ కోత లేకపోతే ఆ ఏడు జట్టు ప్లేఆఫ్‌లో ఉండేది. కొత్త యజమానికి చోటు ఇచ్చినప్పుడు 2013, 2014 సీజన్లకు టీవీ వాటాలో సగమే ఇస్తామన్న షరతు పెట్టారు. ఒకసారి నగదు లేక పడిపోయిన క్లబ్‌ను సగం నగదుతో నిలబడమనడం ఎలా సాధ్యమనుకున్నారో అర్థం కాదు. తోటి క్లబ్‌ల వాదనా ఉంది. మేం పన్నులు కట్టాం, వాళ్ళు కట్టలేదు, ఇద్దరికీ సమాన వాటా ఎలా అని. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ శిక్ష క్లబ్ పాత యజమానులకు తగలదు, కొత్త కంపెనీ నగదు పట్టికకు తగులుతుంది. 2014 తొలి వారాల్లోనే రెండో అడ్మినిస్ట్రేషన్, మరో 6 పాయింట్ల కోత. లీగ్‌ను 14 జట్ల నుంచి 12కు కుదిస్తున్న ఏడాది అది, అడుగున ఉన్న రెండు జట్లూ కింది లీగ్‌కు దిగిపోవాలి. బుల్స్ దిగిపోయింది.

1997, 2001, 2003, 2005లో సూపర్ లీగ్ (ఈ ఆటలో పై లీగ్) గెలిచిన క్లబ్ ఇది. 2015 అక్టోబర్ 3న తిరిగి పైకి రావడానికి వేక్‌ఫీల్డ్‌తో ఒక్క మ్యాచ్ మిగిలింది. దాన్ని అందరూ మిలియన్ పౌండ్ గేమ్ అనేవారు. 24–16తో ఓడింది. పై లీగ్‌కు తగ్గ ఖర్చుతో కింది లీగ్‌లో ఇంకో ఏడాది. 2016 నవంబర్‌లో మూడో అడ్మినిస్ట్రేషన్, జనవరిలో లిక్విడేషన్. కొత్త కంపెనీకి రెండో అంచెలో చోటిచ్చారు గానీ 2017 సీజన్ మైనస్ 12 పాయింట్లతో మొదలుపెట్టాల్సి వచ్చింది. మూడో అంచెకు జారి, 2018లో ఒక మెట్టు ఎక్కింది.

యజమాని, నియంత్రణ సంస్థ ఒకరే అయినప్పుడు సబ్ లీజులో తప్పక వెతకాల్సిన క్లాజు ఒకటుంది: సెట్ ఆఫ్. అద్దె బకాయిని టీవీ పంపిణీ సొమ్ములోంచి మినహాయించుకునే హక్కు యజమానికి ఉందా? ఉంటే, ఆ పంపిణీని తాకట్టుగా చూపి బ్యాంకు దగ్గర తెచ్చే అప్పు విలువ అంత మేర తగ్గుతుంది.

ఎంతమంది పట్టే స్టేడియం?

ఆడ్సల్ సామర్థ్యం 27 వేల పైచిలుకు అని చాలాచోట్ల రాస్తారు. రాబడి అంచనాకు ఆ అంకె పనికిరాదు. కావాల్సింది కౌన్సిల్ ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్‌లో ఒక్కో భాగానికి రాసిన అంకె. 1975 చట్టం కింద 10,000 మందికి మించి పట్టే స్టేడియాలకు ఈ సర్టిఫికెట్ తప్పనిసరి. బ్రాడ్‌ఫర్డ్‌లో ఈ విషయాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. 1985 మే 11న వ్యాలీ పరేడ్ అగ్నిప్రమాదంలో 56 మంది చనిపోయారు.

లెక్క ఇలా వేస్తారు. నిలబడే గట్టు 1,500 చదరపు మీటర్లు అనుకుందాం. 10 చదరపు మీటర్లకు గరిష్ఠం 47 మంది, అంటే 7,050. దీన్ని రెండు గుణకాల్లో తక్కువ దానితో తగ్గించాలి: నిర్మాణం ఎంత బాగుంది, భద్రత నిర్వహణ ఎంత బాగుంది. మొదటిది 0.7, రెండోది 0.8 అయితే 7,050 × 0.7 = 4,935. ఇక్కడితో ఆగకూడదు. బయటకు వెళ్ళే మెట్ల వెడల్పు మొత్తం 6 మీటర్లయితే, మీటరుకు నిమిషానికి 66 మంది, 8 నిమిషాలు: 6 × 66 × 8 = 3,168. రెండింటిలో చిన్నదే సామర్థ్యం. అంటే 3,168.

దీని అర్థం తెలియక డబ్బు పోసిన క్లబ్‌లున్నాయి. పై ఉదాహరణలో గట్టు కాంక్రీటు మొత్తం మార్చి గుణకాన్ని 0.7 నుంచి 0.8కి తెచ్చినా ఒక్క టికెట్టూ ఎక్కువ అమ్మలేరు, మెట్లు వెడల్పు చేయనంత కాలం. మైదానం గుంటలో ఉండి ప్రేక్షకులు పైకి ఎక్కి బయటపడాల్సిన ఆడ్సల్ లాంటిచోట ముందు కొలవాల్సింది మెట్లే. మరమ్మతు బడ్జెట్ ఆమోదించే ముందు ఒక్కో భాగానికి ఏ పరిమితి అడ్డుపడుతోందో సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని చూడాలి.

డ్యూస్‌బరీకి వెళ్ళడం, స్టాక్ కార్లు రావడం

2019లో అప్పటి యాజమాన్యం ఆడ్సల్ ఖర్చు భరించలేమని వదిలేసి, 2020 సీజన్‌కు పొరుగు పట్టణం డ్యూస్‌బరీ మైదానానికి వెళ్ళింది. అద్దె, నిర్వహణ తగ్గుతాయన్న లెక్క తప్పు కాదు. లెక్కలోకి రానిది, ఊరు మారితే ఎంతమంది సీజన్ టికెట్ మళ్ళీ కొంటారన్నది. ఆ ప్రయోగం ఫలితం తేలకముందే మార్చిలో కోవిడ్ ఆటనే ఆపేసింది. 2021కి క్లబ్ ఆడ్సల్‌కు తిరిగొచ్చింది. (మైదానం తనది కాని క్లబ్‌కు ఊరు మారడం ఎంత సులువో మనవాళ్ళకూ తెలుసు. 2021–22 ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ విజేత హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీ క్లబ్‌గా మారిపోయింది.)

అదే 2021లో ఆడ్సల్‌లో పిచ్ చుట్టూ తారు ట్రాక్ వేసి స్టాక్ కార్ రేసులు మళ్ళీ తెచ్చారు. ఖాళీ రోజుల్లో స్టేడియం సంపాదించాలన్న ఆలోచన మంచిదే. చూడాల్సింది ఆ సంపాదన ఎవరి జేబులోకి, ఆ నష్టం ఎవరి నెత్తిన అన్నది. రేసు కార్ల నుంచి పిచ్ మీదకు రాళ్ళూ లోహపు ముక్కలూ ఎగిరి పడతాయి. మ్యాచ్‌కు ముందు అంగుళం అంగుళం ఏరాలి. ట్రాక్ వల్ల పిచ్ మూలల్లో జాగా బిగుసుకుపోతుంది. రేసుకూ మ్యాచ్‌కూ మధ్య కనీసం 72 గంటల వ్యవధి, శుభ్రం చేసే బాధ్యత రేసు నిర్వాహకుడిదని, పిచ్ తనిఖీలో ఫెయిలైతే మ్యాచ్ రాబడి నష్టం కూడా అతనిదేనని ఒప్పందంలో లేకపోతే, ఆ రాబడి క్లబ్‌కు రాదు, ఖర్చు మాత్రం వస్తుంది.

సబ్ లీజు మళ్ళీ రాస్తే

కాలం మొదటి ప్రశ్న. ఐదేళ్ళ సబ్ లీజు మీద బ్యాంకు అప్పివ్వదు, గ్రాంటు ఇచ్చేవాళ్ళు ముందుకు రారు. 25 ఏళ్ళకు తగ్గితే పెట్టుబడి మాట ఎత్తడం దండగ. ఏడేళ్ళకు మించిన లీజును ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయించడం మరిచిపోకూడదు.

రెండోది 1954 నాటి లాండ్లార్డ్ అండ్ టెనెంట్ చట్టం. గడువు ముగిసినా అద్దెదారుకు కొత్త లీజు అడిగే హక్కు ఇచ్చేది అదే. లక్ష మంది ఆడ్సల్‌కు వచ్చిన ఏడాదే ఆ చట్టమూ వచ్చింది. యజమానులు సాధారణంగా ఈ హక్కును వదులుకున్నట్టు సంతకం చేయించుకుంటారు. తక్కువ అద్దెకు ఆశపడి దీన్ని వదిలేసిన క్లబ్ చివరి రెండేళ్ళలో యజమాని ఏమంటే అది వినాల్సిందే.

మరమ్మతు విషయంలో, లీజు మొదలైన రోజున ఫోటోలతో స్థితి పత్రం తయారు చేసి ఒప్పందానికి జతచేయాలి. క్లబ్ బాధ్యత ఆ స్థితిని మించకూడదు. నేల కుంగడం, గట్ల కింది నిర్మాణం, మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడలు యజమాని ఖాతాలోనే ఉండాలి. యజమాని ఒప్పుకోకపోతే ఏడాదికి గరిష్ఠ పరిమితి ఒకటి రాయించాలి. అదీ కుదరకపోతే అద్దె ఉచితంగా ఇచ్చినా ఆ లీజు ఖరీదైనదే.

బీరు, తిండి, పార్కింగ్, ప్రకటనల బోర్డులు, పేరు హక్కు: ఒక్కొక్కటీ విడిగా, మ్యాచ్ రోజుకు, ఇతర రోజులకు ఎవరిదో రాయాలి. "స్టేడియం వాడుకునే హక్కు" అన్న ఒక్క వాక్యంలో ఇవేవీ రావు.

ఇక దివాలా క్లాజు. చాలా లీజుల్లో అద్దెదారు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళితే లీజు రద్దు చేసే హక్కు యజమానికి ఉంటుంది. దాన్ని తీయించడం కష్టం. బదులుగా, అభిమానుల ట్రస్టు గానీ ముందే పేరు రాసిన మరో సంస్థ గానీ 60 రోజుల్లో బకాయి కట్టి లీజును కొనసాగించే హక్కు రాయించుకోవచ్చు. అభిమానులకు ఇంకో పనిముట్టు కూడా ఉంది. లోకలిజం చట్టం కింద స్టేడియాన్ని సమాజ ఆస్తిగా నమోదు చేయిస్తే, యజమాని భూమిని గానీ మొదట 25 ఏళ్ళకు తగ్గకుండా ఇచ్చిన లీజును గానీ అమ్మాలనుకున్నప్పుడు ఆరు వారాల నోటీసు ఇవ్వాలి. సంఘం ఆసక్తి చూపితే ఆరు నెలలు ఆగాలి. ఈ నిబంధనలు అమల్లోకి వచ్చింది 2012 సెప్టెంబర్‌లో, బుల్స్ లీజు చేతులు మారిన ఎనిమిది నెలలకు. నమోదు ఐదేళ్ళే నిలుస్తుంది. పునరుద్ధరణ తేదీ గుర్తుపెట్టుకునే మనిషి ట్రస్టులో ఒకరుండాలి.

పైకి వచ్చాక

2026 సూపర్ లీగ్‌లో చోటు ఎక్కువగా గ్రేడింగ్ మీద, అంటే క్లబ్‌లకు వేసే పాయింట్ల మీద ఆధారపడింది. మొత్తం 20 పాయింట్లు: అభిమానుల బలం 5, ఆట 5, ఆర్థికం 4.5, స్టేడియం 3, సమాజ సేవ 2.5. ఆర్థికం, స్టేడియం కలిస్తే 7.5, ఆట కన్నా ఎక్కువ. ఆర్థిక విభాగంలో టీవీ వాటాను పక్కనపెట్టి సొంత రాబడిని చూస్తారు కాబట్టి, ఖాళీ రోజుల సంపాదన యజమానికి పోయే లీజు గ్రేడింగ్‌ను కూడా తింటుంది. 2025 అక్టోబర్ గ్రేడింగ్‌తో బుల్స్ 2026 సూపర్ లీగ్‌లోకి తిరిగొచ్చింది, 2014 తర్వాత మొదటిసారి.

పై లీగ్‌లో జీతాల పరిమితి 21 లక్షల పౌండ్లు. పరిమితి దాకా ఖర్చు చేయాలని నిబంధనేమీ లేదు. అయినా చేయకపోతే ఓడిపోతామన్న భయం ప్రతి బోర్డులోనూ ఉంటుంది. అదే 2025లో సాల్‌ఫర్డ్ క్లబ్ 12 లక్షల పౌండ్ల జీతాల ఆంక్ష కింద సీజన్ మొదలుపెట్టి, తొలి మ్యాచ్‌లో సెయింట్ హెలెన్స్ చేతిలో 82–0తో ఓడి, డిసెంబర్‌లో కోర్టు ఆదేశంతో మూతపడింది. వాళ్ళ స్టేడియం కూడా వాళ్ళది కాదు.

ఇలాంటి క్లబ్‌లో డబ్బు పెట్టాలనుకునేవాళ్ళు అడగాల్సిన కాగితాల వరుస ఇది: హెడ్ లీజు, సబ్ లీజు, వాటి ల్యాండ్ రిజిస్ట్రీ నకళ్ళు, సేఫ్టీ సర్టిఫికెట్, దాంతోపాటు కౌన్సిల్ రాసిన చివరి తనిఖీ నివేదిక, పన్నుల శాఖతో వాయిదాల ఒప్పందం ఉంటే దాని ప్రతి, 13 వారాల నగదు పట్టిక, రేసు నిర్వాహకులు, కేటరింగ్ కంపెనీ లాంటి మూడో పక్షాల ఒప్పందాలు. ఆటగాళ్ళ ఒప్పందాలు వీటి తర్వాతే. మొదటి రెండూ వారంలోగా చేతికి రాకపోతే, లేదా "అవి యజమాని దగ్గరున్నాయి" అన్న జవాబు వస్తే, ధర గురించి మాట్లాడటం అక్కడే ఆపాలి.